ముప్ఫై ఆరు మూతలు

ఆ బుధవారం పొద్దున షట్టరు పైకెత్తేసరికి లఖ్దర్ చేతిలో ఉన్న ఆస్తి ఇంతే: సెతీఫ్ పట్నంలో పాత బస్టాండు వెనక సందులో పన్నెండడుగుల కొట్టు, అందులో గ్యాస్ గీజర్లకు కావలసిన పైపులూ బెండ్లూ రబ్బరు రింగులూ, గీజర్లు బిగించే తయ్యెబ్‌తో ఇరవై రెండేళ్ల స్నేహం, వీటన్నిటికంటే ఎక్కువ ధర పలికే ఒక మాట. "లఖ్దర్ చెప్పాడు" అంటే ఆ పేటలో రెండోసారి అడిగేవాళ్లు కాదు. పైపులు ఎవరైనా అమ్ముతారు. ఆ మాట మాత్రం అతని కొట్లోనే దొరికేది.

మొదటి బేరం దహ్బియాది. బడిలో పిల్లలకు వండిపెట్టే మనిషి, గొంతు కూడా రెండు వందల మంది పిల్లలకు వినబడేలా ఉంటుంది. చెప్పులకు అంటిన మంచు గుమ్మంలో దులుపుకుని, బల్ల మీద చెయ్యి ఆనించి, గీజరు మూతలోంచి గాలి ఈల వేస్తోందని చెప్పింది. స్నానాలగది సీలింగులో ఎవరో కాపురం పెట్టినట్టుందిట. దాన్ని మూసెయ్యడానికి స్పాంజో దూదో ఏదో ఒకటి కావాలంది.

లఖ్దర్ వెనక అరలోంచి కన్నాలు పూడ్చే నురగ డబ్బా తీసి ఆమె ముందు పెట్టబోయి ఆగాడు. ఏ మూత అని అడిగాడు. బయట గోడకి ఉండే, పొగ పోయే ఇనుప మూతేనంది. బడి ఉద్యోగులందరూ కలిసి కట్టుకున్న ముప్ఫై ఆరు ఇళ్ల భవనంలో, నాలుగో అంతస్తు ఆమెది.

"శనివారం మా అమ్మాయిని ఆస్పత్రి నుంచి తెస్తున్నా తమ్ముడూ. నలభై రోజులూ పురిటి స్నానాలు ఆ గదిలోనే. అంత చలిగాలి కొడితే పసిగుడ్డు ఏమైపోవాలి?"

సీలింగు మీద మరకలేమైనా పడ్డాయా అని లఖ్దర్ అడిగాడు. టీ ఒలికినట్టు పెద్ద మరక పడిందని చెప్పింది. ఇంట్లో తలనొప్పులున్నాయా అంటే ఆమె నవ్వింది. శుక్రవారం శుక్రవారం వస్తుంది, కుస్కుస్ రవ్వ వండే ఆవిరి దగ్గర నిలబడితే రాదా మరి, అంది.

లఖ్దర్ డబ్బాను తీసి మళ్లీ అరలో పెట్టేశాడు. "దాన్ని మూయకక్కా. నేనొచ్చి చూస్తా."

"చూడ్డానికి ఎంత?"

"చూడ్డానికేం లేదు."

"నువ్వు ఊరికే వస్తున్నావంటే మా ఇంటికి ఏదో మూడిందన్నమాట," అంది దహ్బియా.

స్నానాలగది గోడలు తెల్లగా, పలకలు కొత్తగా ఉన్నాయి. గీజరు నెత్తి మీద నుంచి సీలింగు దాకా ఒక చిన్న తెల్ల తొడుగు. ఆడవాళ్లకు పైపు కనబడ్డం ఇష్టం ఉండదని అంతా సీలింగు పైనే నడపడం ఈ మధ్య వచ్చిన పద్ధతి. లఖ్దర్ ముందు గ్యాస్ కుళాయి కట్టేశాడు. నిచ్చెన ఎక్కి, సీలింగులో మరక ఉన్న పలక చుట్టూ మరలు విప్పాడు. నానిపోయిన పలక చేతిలో బ్రెడ్డు ముక్కలా వంగింది.

ఈ రకం గీజరుకి పైపులో పైపు ఉంటుంది. లోపలి పైపు పొగను బయటికి తోస్తుంది, దాని చుట్టూ ఉన్న పెద్ద పైపు వీధిలోని గాలిని మంటకు తెచ్చిపెడుతుంది. ఇంట్లో గాలి మంటకు అక్కర్లేదు, మంట వదిలిన గాలి ఇంట్లోకి రాదు. అందుకే దీన్ని మంచి గీజరంటారు. లఖ్దర్ టార్చి వేసి చూస్తే, గీజరు నుంచి వచ్చిన మూర పొడుగు పైపు సీలింగు పైన నోరు తెరుచుకుని ఉంది. ఎదురుగా గోడకి కన్నం, కన్నంలో బయటి మూత వెనక జానెడు పైపు ముక్క సిలికాన్‌తో అంటించి ఉంది. ఆ రెండింటికీ మధ్య మూడు మూరల ఖాళీ. బెండు లేదు, పైపు లేదు. పొగ సీలింగులోనే పోగవుతోంది, గీజరు దాన్నే మళ్లీ పీల్చుకుని మండుతోంది. మంట తన పొగ తానే మింగినకొద్దీ వదిలేది విషం. దానికి రంగుండదు, వాసనుండదు. గాలి వచ్చే ఆ కన్నమే ఇన్నాళ్లూ ఈ ఇంటిని కాస్త కాపాడింది. దాన్నే ఈవిడ మూయబోయింది.

కింద నుంచి దహ్బియా ఏముందని అడిగింది. ఏమీ లేదన్నాడు. నిజానికి ఉన్నమాట అదే.

కొట్టుకి వెళ్లి పైపు, రెండు బెండ్లు, క్లాంపులు, రింగులు పట్టుకొచ్చాడు. ఈ పని మానేసి పదేళ్లయినా చేతులు మరిచిపోలేదు. కొలత రెండుసార్లు తీశాడు. బయటి పైపు ఒక కొలత, లోపలిది దానికంటే రెండు వేళ్లు ఎక్కువ. రంపంతో కోసిన చోట అంచు కత్తిలా ఉంటుంది, ఆ అంచు రబ్బరు రింగును చీల్చేస్తుంది, కాబట్టి ఆకురాయితో వేలు జారేదాకా రుద్దాడు. దహ్బియా నిచ్చెన పట్టుకుని నిలబడి ప్రతిదానికీ ఎందుకని అడిగింది. సబ్బెందుకు? రింగు మెలిపడకుండా జారడానికి. వాలు బయటికెందుకు? వాన నీళ్లు గీజర్లోకి రాకుండా. రసమట్టంలో బుడగ ఎంత జరగాలి? గీత దాటితే చాలు. ఆమె అన్నీ వంటకం నేర్చుకున్నట్టు పెదాలు కదుపుతూ విన్నది. ఆఖర్న గ్యాస్ తెరిచి, వేణ్ణీళ్లు వదిలి, కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. మూత తెల్లటి ఆవిరి వదులుతోంది. ఇంట్లో దిగాక ఆ మూత ఊపిరి తీసుకోవడం అదే మొదలు.

ఎంతివ్వాలని అడిగితే, ఇదివరకే ఇచ్చారు కదక్కా అన్నాడు.

మెట్లు దిగుతూ లెక్క కట్టాడు. కట్టడానికి పెద్దగా ఏమీ లేదు. నవంబరులో ఈ భవనానికి తన కొట్లోంచి తయ్యెబ్ తీసుకెళ్లినవి మూతలు ముప్ఫై ఆరు, పైపుల సెట్లు పన్నెండు. అప్పుడే అడిగాడు. మిగతా పైపులు పక్క ఊరు బోర్జ్‌లో హోల్‌సేల్‌గా దొరికాయన్నాడు తయ్యెబ్. ఈ భవనం కమిటీవాళ్లు మంచి పనివాడి పేరు చెప్పమంటే తయ్యెబ్ పేరు చెప్పినవాడు లఖ్దరే.

తయ్యెబ్ ఊరి చివర కొత్త మేడలో రాగి గొట్టాలు అతుకుతున్నాడు. లఖ్దర్‌ని చూసి మంట తగ్గించి, కాఫీ గ్లాసు చేతికిచ్చి, తను తింటున్న రొట్టెలో సగం విరిచి ఇచ్చాడు. లఖ్దర్ రొట్టె తీసుకోలేదు. దహ్బియా ఇంటి సీలింగు విప్పానన్నాడు.

తయ్యెబ్ కాదనలేదు. సగం రొట్టెను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"కింది రెండు అంతస్తులూ బాగానే చేశానన్నా. గ్యాస్ ఇన్‌స్పెక్టరుకి మోకాళ్ల నొప్పులు, లిఫ్టు ఇంకా పెట్టలేదు. రెండో అంతస్తు దాటి ఎక్కలేడని నాకు తెలుసు. ఆపైన అతను కింద నిలబడి మూతలు లెక్కపెట్టుకుని సంతకం చేశాడు."

"మనుషులుంటున్నారు రా అందులో."

"తెలుసు. బుద్ధి గడ్డి తింది. వ్యాను అప్పుకి కట్టాల్సింది మీద పడింది, రంజానులోపు సర్దేద్దాం అనుకున్నా." తయ్యెబ్ లఖ్దర్ మోకాలి మీద చెయ్యి వేశాడు. "నా పేరు బజార్లో పెట్టకన్నా. ఇవాళే వెళ్లి గీజర్లు వెలిగించొద్దని ఇంటింటికీ చెప్తా. రేపు పొద్దున నీ కొట్టుకొచ్చి పైపులు తీసుకెళ్తా. రాత్రనక పగలనక బిగిస్తా. ఒక్క రోజు ఇయ్యి."

లఖ్దర్ ఇచ్చాడు. ఇరవై రెండేళ్లు ఒకే పళ్లెంలో తిన్నవాడు ఒక్క రోజు అడిగితే ఎలా లేదంటాడు? గ్యాస్ వెలిగించొద్దని ఇవాళే చెప్తానని మూడుసార్లు వాడి నోట అనిపించి, కాఫీ తాగి వచ్చేశాడు.

గురువారం పొద్దున్నే ఇరవై మూడు సెట్లు లెక్కపెట్టి, ఒక్కొక్క సెట్టునీ తాడుతో కట్టి, కొట్టు ముందు గోడకు నిలబెట్టాడు. వచ్చేపోయేవాళ్లు ఇన్నెవరికని అడిగారు. తయ్యెబ్ వస్తాడని చెప్పాడు. పది అయింది, పన్నెండయింది. ఫోను మోగి మోగి ఆగిపోతోంది. మధ్యాహ్నం నమాజు అయ్యాక కొట్టుకి గొలుసు వేసి భవనానికి వెళ్లాడు.

కమిటీ పెద్ద హాజ్ మొఖ్తార్ వాకిట్లోనే కుర్చీ వేసుకుని ఎండలో కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లు హెడ్‌మాస్టరు చేసినవాడు, ఎదుటివాణ్ణి చూస్తే హోంవర్కు చేయని పిల్లాణ్ణి చూసినట్టే చూస్తాడు.

"రావోయ్ లఖ్దర్, నీ కోసమే చూస్తున్నాం. ఇరవై మూడు సెట్లు మిగిలిపోయాయిటగా?"

లఖ్దర్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

నిన్న సాయంత్రం తయ్యెబ్ వచ్చిన మాట నిజమే. గీజర్ల మాట ఎత్తలేదు. లఖ్దర్ కొట్లో పైపుల సరుకు దండిగా దిగింది, అమ్ముడుపోక అవస్థ పడుతున్నాడు, ఇవాళో రేపో మీ దగ్గరికొచ్చి మీ పైపులు బాగోలేవని, ప్రాణాలు పోతాయని భయపెడతాడు, పాపం తిట్టకండి, అప్పుల్లో ఉన్నాడు, అని చెప్పి వెళ్లాడు. అటుగా వెళ్లిన వాళ్లు పొద్దున కొట్టు ముందు కట్టలు చూసి వచ్చి, నిజమేనన్నారు. తయ్యెబ్ అడిగిన ఒక్క రోజు దేనికో ఇప్పుడు తెలిసింది.

లఖ్దర్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. హాజ్ మొఖ్తార్ ఓపికగా విన్నాడు. లేచి, రమ్మని తన ఇంట్లోకి తీసుకెళ్లాడు. ఆయనది మొదటి అంతస్తు. స్నానాలగదిలో కొడుకు చేత పలక విప్పించి, టార్చి లఖ్దర్ చేతికే ఇచ్చాడు. పైన పైపు నిక్షేపంలా ఉంది. వాలూ, క్లాంపులూ, రింగులూ అన్నీ పద్ధతిగా ఉన్నాయి. తయ్యెబ్ పని తయ్యెబ్ పనే. మనసు పెడితే ఊళ్లో అలాంటి పనివాడు లేడు.

"ఇప్పుడేమంటావ్?"

మూడో అంతస్తు నుంచి పైన చూడమన్నాడు లఖ్దర్. పోనీ దహ్బియాని అడగమన్నాడు. ఆమె కూతురి దగ్గర ఆస్పత్రిలో ఉంది. ఇంటి తాళం ఉన్నా లాభమేముంది? అక్కడా ఇప్పుడు పైపు ఉంది. ఉన్న ఒక్క రుజువునీ నిన్న తన చేతులతోనే బాగుచేశాడు.

సొంతంగా మెట్లెక్కి తలుపులు తట్టాడు. మూడో అంతస్తులో లెక్కల టీచరు, ఇన్‌స్పెక్టరు సంతకం కాగితం తెచ్చి చూపించాడు. ఆ పక్కింటావిడ ఖర్జూరాలు చేతిలో పెట్టి, జీతాలు పడ్డాక కనబడు నాయనా, అంది. ఐదో అంతస్తులో డ్రిల్లు మాస్టారు, పలక విప్పి చూసుకుందాం అన్న మాట వినగానే సీలింగు వైపు చూసి, రంగు వేయించి నెల కాలేదు, విప్పితే నువ్వేయిస్తావా అన్నాడు. వేయిస్తానన్నాడు లఖ్దర్.

"వేయిస్తావు. పైపు అమ్మి ఆ లాభంలో వేయిస్తావు," అన్నాడాయన. లోపలెవరో నవ్వారు.

ఇరవై ఏళ్లుగా ఒక్కొక్క బెండుకీ ఒక్కొక్క రింగుకీ కూడబెట్టిన మాట, ఆరు అంతస్తులు ఎక్కి దిగేసరికి ఖర్చయిపోయింది. నిజం చెబుతున్నాడు కాబట్టే అమ్మకంలా వినబడుతోంది. నిన్న దహ్బియా దగ్గర ఊరికే చేసినదాన్ని కూడా హాజ్ మొఖ్తార్ "మచ్చుకి" అన్నాడు. భవనం మొత్తానికి గ్యాస్ కట్టేసే కుళాయి గది తాళంచెవి ఆయన నడుముకే ఉంది. లఖ్దర్ దాని వంక చూడ్డం గమనించి, ఆయన దాన్ని చొక్కా లోపలికి దోపుకున్నాడు.

శుక్రవారం కొట్టు తెరవలేదు. పదకొండింటికి ఆ భవనం పెరట్లో నిలబడ్డాడు. రాత్రి కురిసిన మంచు గోడ వారగా ఇంకా గట్టిగానే ఉంది. ముప్ఫై ఆరు ఇళ్లలోనూ జుమా నమాజుకి స్నానాలు నడుస్తున్నాయి. కాలవల్లో సబ్బు నీళ్లు పొర్లుతున్నాయి, కిటికీల్లోంచి మగవాళ్ల గొంతులు, తువ్వాలు ఏదని కేకలు. లఖ్దర్ తలెత్తి మూతలు చూశాడు. కింది రెండు వరసలూ పన్నెండు మూతలూ పొగబండిలా ఆవిరి వదులుతున్నాయి. నాలుగో వరసలో దహ్బియాది ఒక్కటి, కూతుర్ని తేవడానికి అల్లుడు దిగినట్టున్నాడు. మిగతా ఇరవై మూడు మూతలూ గోడకు కొట్టిన బిళ్లల్లా ఊరికే ఉన్నాయి.

హాజ్ మొఖ్తార్ తెల్లటి బుర్నూసు అంగీ వేసుకుని దిగాడు, చంకలో నమాజు చాప. మళ్లీ వచ్చావా అన్నాడు. లఖ్దర్ పైకి చూపించాడు. ఆయన చూశాడు. పై వాళ్లు ఇంకా స్నానాలు మొదలుపెట్టలేదేమో అన్నాడు. ఆయన గొంతులో నిన్నటి హెడ్‌మాస్టరు లేడు.

అప్పుడే దహ్బియా ఆస్పత్రి నుంచి వచ్చింది, చేతిలో ఖాళీ టిఫిన్ గిన్నెలు. ఇద్దరి వంకా చూసి, వాళ్లు చూస్తున్న వైపు చూసింది. వంటమనిషికి ఆవిరి ఎక్కడుండాలో ఎవరూ చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ వేళకి మెట్లు దిగి వస్తున్నాడు డ్రిల్లు మాస్టారు, మొహం ఎర్రగా, జుట్టులోంచి నీళ్లు కారుతూ.

"మాస్టారూ, స్నానం అయిందా?" అంది.

అయిందన్నాడు. వేణ్ణీళ్లేనా అంటే, ఇంత చలిలో చన్నీళ్లు పోసుకోడానికి నేనేమన్నా పిచ్చోణ్ణా అన్నాడు. దహ్బియా ఐదో వరసలో అతని మూత చూపించింది. అతను తలెత్తాడు, తల దించాడు. ఇప్పుడు మా ఆవిడ పోసుకుంటోంది, అని మాత్రం అన్నాడు. ఆ మూత మీద మంచు కూడా కరగలేదు.

నమాజుకి దిగిన మగవాళ్లు ఒక్కొక్కరే చుట్టూ చేరారు. ఎవరూ ఎవరి మొహమూ చూడటంలేదు. అయినా లెక్కల టీచరు వదల్లేదు. ఆవిరి సంగతి సరే, ఇదంతా తయ్యెబ్‌కి తెలియకుండా లఖ్దరే పైపులు తక్కువిచ్చి చేసి ఉండొచ్చుగా, ఇప్పుడు రెండోసారి అమ్ముకోడానికి, అన్నాడు. ఒకరిద్దరు తలలూపారు. ఏది ఎలా తిప్పినా ఆఖరికి ఇతనికే లాభం కదా అన్నాడింకొకడు.

దహ్బియా గిన్నెలు కింద పెట్టింది.

"తమ్ముడూ, ఇందులో నీకేం మిగులుతుందో వీళ్లంతా లెక్క కట్టారు. నీకేం పోతుందో నువ్వు చెప్పు. ఇది నీకు ఎప్పుడు తెలుసు?"

మొన్న, మీ సీలింగు విప్పినప్పుడు, అని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు. ఆ జవాబు అమ్ముడుపోతుందేమో కూడా. లఖ్దర్ మంచు వంక చూశాడు. వాళ్లందరి పాదాల వంకా చూశాడు. కొన్ని కొత్త చెప్పులు, శుక్రవారం చెప్పులు.

"నవంబరులో," అన్నాడు. "మూతలు ముప్ఫై ఆరు, పైపులు పన్నెండు. పైపు లేకుండా మూత ఎవడు కొంటాడు? ఒకసారి అడిగాను. బోర్జ్‌లో కొన్నానన్నాడు. బోర్జ్‌లో ఆ సైజు దొరకదని నాకు తెలుసు. ఆ మూతలు మూడేళ్లుగా నా కొట్లో దుమ్ము పట్టి ఉన్నాయి. వదిలాయి కదా అనుకున్నా. రెండోసారి అడగలేదు."

 డ్రిల్లు మాస్టారు పరుగున మెట్లెక్కాడు, పై నుంచి భార్యను పేరు పెట్టి పిలుస్తున్న కేక వినిపించింది. హాజ్ మొఖ్తార్ నడుము దగ్గర తాళంచెవి తడుముకుని, కుళాయి గదికి వెళ్లి గ్యాస్ కట్టేసి వచ్చాడు. ఎవరూ లఖ్దర్‌ని తిట్టలేదు. తిడితే అతనికి బాగుండేది. ఇంకా స్నానం కానివాళ్లు పెరటి కుళాయి దగ్గర వుజూకి చన్నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కుని, వణుక్కుంటూ మసీదుకు నడిచారు. నమాజులో లఖ్దర్ పక్కన ఇద్దరు మనుషులు పట్టే చోటు మిగిలింది. నమాజు వరసలో సందు ఉండకూడదు కాబట్టి ఎవరో ముసలాయన వెనక నుంచి వచ్చి నిలబడ్డాడు.

లఖ్దర్ అనుకున్నదొకటే. పేరు పోతే పోయింది, ఇక పైపులైనా వెళ్తాయి. ఇరవై మూడు సెట్లూ అసలు ధరకే ఇచ్చేద్దామని శనివారం కట్టలు మళ్లీ బయట పెట్టాడు. ఎవరూ రాలేదు. ఆ రోజు భవనంలో అందరూ కట్టెల పొయ్యిల మీద నీళ్లు కాచుకున్నారని విన్నాడు.

ఆదివారం పొద్దున తయ్యెబ్ వ్యాను సందులోంచి వెళ్లింది. వెనక తలుపు తాడుతో కట్టి ఉంది, లోపల పైపులు. వాటికి చుట్టిన కాగితం లఖ్దర్ కొట్టుది కాదు. బజారు చివర కొట్టువాడు వాడే నీలం కాగితం అది. తయ్యెబ్ కిటికీలోంచి చెయ్యి ఎత్తాడు, రోజూ ఎత్తినట్టే. లఖ్దర్ చెయ్యి కూడా అలవాటు కొద్దీ సగం లేచింది.

సంగతంతా హాజ్ మొఖ్తారే మార్కెట్లో ఎదురుపడి చెప్పాడు. శనివారం రాత్రి తయ్యెబ్ తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి కమిటీ ముందు ఏడ్చాడుట. నేను చేతి పనివాణ్ణి, నాకు చదువేది, లెక్కేది, లఖ్దరన్న ఎన్నిస్తే అన్ని బిగించాను, పైపు లేకపోయినా ఇప్పటి గీజర్లకి పరవాలేదని ఆయనే అన్నాడు, ఆయనే ఒప్పుకున్నాడుగా మీ అందరి ముందూ, అన్నాడుట. కూలి లేకుండా మళ్లీ బిగించి ఇస్తానని ఖురాన్ మీద చెయ్యేశాడు. వాళ్లు క్షమించారు.

అది నిజం కాదు హాజ్‌గారూ, అన్నాడు లఖ్దర్.

"కాకపోవచ్చు," అన్నాడు హాజ్ మొఖ్తార్ ఉల్లిపాయలు ఏరుకుంటూ. "కాని వాడు ఏడ్చాడు. నువ్వు లెక్క చెప్పావు. తెలిసి ఊరుకున్నవాడి దగ్గర మళ్లీ ఎలా కొనమంటావు? నా మటుకు నేను కొననన్నాను."

ఆ మాటలో తప్పు పట్టడానికి లఖ్దర్‌కి ఏమీ దొరకలేదు. తన మాట నమ్మారు. నమ్మారు కాబట్టే తన దగ్గర కొనలేదు. తయ్యెబ్‌కి ఇచ్చిన ఒక్క రోజు ఒక దెబ్బ, పెరట్లో పలికిన ఒక్క నిజం ఇంకో దెబ్బ. రెండింటినీ వాడు సరుకులాగే వాడుకున్నాడు. ఇన్నేళ్లు తనతో తిరిగి నేర్చుకున్న వ్యాపారం అదేనేమో అనుకుని, ఆ ఆలోచన బాగోలేక కట్టలు లోపల పెట్టించాడు.

నిద్రపట్టనిది మాత్రం వేరే దానికి. నీలం కాగితం కొట్లో దొరికే రింగులు పలచన. తయ్యెబ్ ఇప్పుడు చేసేది కూలి లేని పని, అందులోనూ తొందర పని. ఏ ఇంట్లోకీ తను వెళ్లి చూడలేడు.

మంగళవారం మధ్యాహ్నం దహ్బియా కొట్టు మెట్లెక్కింది. కొంగుకీ జుట్టుకీ సున్నం. కూతురు వచ్చిందా అని అడిగాడు. వచ్చింది, మగపిల్లాడు, మూడు కిలోలు, స్నానం చేయిస్తుంటే మేడ ఎగిరిపోయేలా ఏడుస్తున్నాడు అంది.

"నాలుగు రబ్బరు రింగులియ్యి. మందపువి. ఐదో అంతస్తులో రెండిళ్లకి అతగాడు చీలిపోయినవే ఎక్కిస్తున్నాడు."

లఖ్దర్ రింగులు తీస్తూ, నీకెలా తెలుసక్కా అన్నాడు.

నిచ్చెన కింద నిలబడితే తెలియదా అంది. ఆదివారం నుంచి బడికి సెలవు పెట్టిందిట. మూడో అంతస్తు నుంచి ఆరో అంతస్తు దాకా, ఇంటివాళ్లు వచ్చి తనని పిలుచుకెళ్తున్నారు. తయ్యెబ్ పైన, తను కింద. ఆకురాయితో రుద్దకుండా పైపు ఎక్కించబోతే దింపించింది. రసమట్టం తనే పెట్టి చూసింది. మూడిళ్లల్లో వాలు ఇంటి వైపుకుందని విప్పించింది. నువ్వెవరమ్మా నాకు చెప్పడానికి అన్నాడుట ఒకసారి.

"ఇరవై ఏళ్లుగా రెండు వందల మందికి వండుతున్నా, ఒక్కడికి కడుపు నొప్పి రాలేదు, నీ సంగతి చెప్పు అన్నా. నోరు మూసుకుని రుద్దాడు." రింగులు ఒక్కొక్కటీ వేలితో సాగదీసి చూసుకుంది. "ఇరవై ఒకటి అయ్యాయి. ఈ రెండూ అయిపోతే అన్నీ అయినట్టే. ప్రతి మూతా కిటికీలోంచి నేనే చూశా."

లఖ్దర్ రింగులు పొట్లం కట్టాడు. డబ్బు బల్ల మీద పెట్టింది. అక్కర్లేదన్నాడు. ఆమె వేలితో దాన్ని అతని వైపు జరిపింది. ఇరవై మూడు సెట్లూ గోడకు ఆనించి అలాగే ఉన్నాయి. ఆమె వాటి వంక ఒకసారి చూసింది.

"చూడు తమ్ముడూ. నీ దగ్గర కొనమని నేను ఎవరికీ చెప్పను." గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు తొడుక్కుంటూ, వెనక్కి తిరక్కుండానే అంది. "కొనొద్దని కూడా చెప్పను."

ఆ వారం వ్యాపారంలో స్నేహితుడు పోయాడు, ముప్ఫై ఆరు ఇళ్ల బేరం పోయింది, అడక్కుండా నమ్మే మాట పోయింది. మనుషులు ప్రాణాలతో మిగిలారు. అతని వాటాకి వచ్చింది నాలుగు రింగుల డబ్బు, ఆమె చెప్పిన ఆ రెండో ముక్క.